దీర్ఘం అక్క కొన్న షుగరు మీటరు

మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆవిడను అందరం దీర్ఘం అక్క అనేవాళ్లం. ఆవిడ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఒక లెక్కల పుస్తకం అట్ట అచ్చుకెక్కబోతుంటే, 'పాఠాలు' కాస్తా 'పఠాలు' అయిందని చూసి మిషను ఆపించిందట. "ఒక్క దీర్ఘం కోసం మిషను ఆపుతారా?" అని మిషను మేస్త్రి ఇంతెత్తున లేచాడట. "దీర్ఘం లేకపోయినా ఫరవాలేదని పిల్లలకి నేర్పుదామా?" అని ఆవిడ నిమ్మళంగా అడిగిందట. ఆ రోజు పడ్డ పేరు అలాగే ఉండిపోయింది. ఆవిడ కూడా కోప్పడేది కాదు. ఫోను ఎత్తి, "నేను దీర్ఘాన్ని మాట్లాడుతున్నాను, చెప్పండి" అనేది.

పదకొండేళ్లుగా నేను ఆవిడ ఎదురు బల్ల దగ్గర కంపోజింగు చేస్తున్నాను. నేను కొట్టిన ప్రతి పేజీ ఆవిడ ఎర్రసిరా దాటుకునే వెళ్లేది. వాక్యం కింద స్టీలు స్కేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, అక్షరం అక్షరం తడిమినట్టు చదివేది. అంకెల దగ్గర ఇంకా పట్టు. పరీక్షల ఫలితాలు, బస్సుల వేళలు, టెలిఫోను జాబితాలు వస్తే మా ఓనరు ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. "అక్షరం తప్పితే చదివేవాడు సర్దుకుంటాడు. అంకె తప్పితే నమ్మేస్తాడు" అనేది అక్క.

ఆవిడ భర్త స్కూలు బస్సు డ్రైవరు. ఆవిడ మాకు అక్క కాబట్టి ఆయన మాకు బస్సు బావ. సాయంత్రం పిల్లల్ని దింపి, బస్సును షెడ్డులో పెట్టి, స్కూటరు మీద మా గేటు దగ్గరికి వచ్చి "మా ఇంటి ఎర్రసిరా అయిపోయిందా, ఇంకా మిగిలిందా?" అని కేకేసేవాడు. పద్దెనిమిదేళ్లుగా ఒకటే స్కూలు, ఒకటే దారి. పిల్లల పేర్లు పలకడానికి ఆయనకి నోరు తిరిగేది కాదు. ఎక్కే స్టాపులతోనే పిలిచేవాడు. "నీళ్లట్యాంకూ, కూర్చో! పెట్రోలు బంకూ, చెయ్యి లోపల పెట్టు!" అనేవాడు. పెద్దయి ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు కూడా రోడ్డు మీద ఆయన్ని ఆపి, "అంకుల్, నేను పెట్రోలు బంకుని, గుర్తుపట్టారా?" అని మురిసిపోతూ అడిగేవాళ్లు.

స్కూలువాళ్లు ఏటా డ్రైవర్లకి చేయించే పరీక్షల్లో ఆయనకి షుగరు బయటపడింది. అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. డాక్టరు మాత్రలు రాశాడు, తీపి మానెయ్యమన్నాడు, నడవమన్నాడు. పొద్దున్నే ఏమీ తినకముందు ఇంట్లోనే ఒక చుక్క రక్తంతో చూసుకుంటూ ఉండాలన్నాడు. స్కూలు ఆఫీసు ఒక కాగితం చేతిలో పెట్టింది. రోజూ వచ్చిన అంకెలు అందులో రాసి, ఇంట్లోవాళ్లెవరైనా సంతకం పెట్టి నెల నెలా పంపాలి. షుగరు అదుపులో ఉన్నంతకాలం బస్సు నడపొచ్చు. అదుపు తప్పినా, ఇన్సులిను సూదులు మొదలైనా స్టీరింగు దిగాల్సిందే.

"మీటరు నేను కొంటాను. మీరైతే షాపువాడు ఏదిస్తే అది జేబులో వేసుకొస్తారు" అంది అక్క.

మధ్యాహ్నం భోజనాల వేళ నన్ను వెంటేసుకుని మూడు మందుల షాపులు తిరిగింది. మూడో షాపతను నెమ్మదస్థుడు. నాలుగు మీటర్లు తీసి అద్దం బల్ల మీద వరసగా పెట్టి, "అన్నీ ఒకటే మేడం, ఏది తీసుకున్నా పనిచేస్తుంది" అన్నాడు.

"అన్నీ ఒకటే అయితే నాలుగెందుకు చేశారు?"

ఇక అక్క మొదలుపెట్టింది. ఎంత చుక్క కావాలి? చుక్క చాలకపోతే చాలలేదని చెబుతుందా, ఏదో ఒక అంకె చూపించి ఊరుకుంటుందా? చుక్క వేసే స్ట్రిప్పులు ఏ షాపులోనైనా దొరుకుతాయా, మీ దగ్గరికే పరిగెత్తుకు రావాలా? డబ్బా మూత తీశాక ఎన్నాళ్లు ఉంటాయి? పాత అంకెలు ఎన్ని గుర్తుపెట్టుకుంటుంది? తేదీ మనం పెట్టాలా, దానంతటదే పెట్టుకుంటుందా? కళ్లజోడు లేకుండా అంకె కనబడుతుందా? ఈ ఆఖరిదానికి అతను జవాబు చెప్పేలోగా, తనే కళ్లజోడు తీసేసి, ఒక్కో మీటరునూ చెయ్యి చాచినంత దూరం పెట్టి చూసుకుంది. నాజూగ్గా, అగ్గిపెట్టెంత ఉన్న నల్లదాన్ని పక్కకి నెట్టేసింది. దాంట్లో మూడు ఎనిమిదిలా కనబడుతోందట. చివరికి తెల్లగా, లావుగా ఉన్నదాన్ని ఎంచుకుంది.

"సబ్బుపెట్టెలా ఉందక్కా" అన్నాను.

"సబ్బుపెట్టెలా ఉంటే పోగొట్టుకోరు" అంది.

పెట్టెలో మీటరుతో పాటు బొటనవేలంత సీసా ఒకటి ఉంది. అదేమిటని అడిగితే షాపతను చెప్పాడు: "ఇది మీటరును పరీక్ష చేసుకోడానికి మేడం. ఇందులో ఎంత తీపి కలిపారో కంపెనీకి తెలుసు. రక్తం బదులు దీని చుక్క వేస్తే, స్ట్రిప్పుల డబ్బా మీద రాసిన అంకెల మధ్యలో రావాలి. వచ్చిందంటే మీటరు సరిగ్గా ఉన్నట్టు. కొత్త డబ్బా తెరిచినప్పుడల్లా ఒకసారి చూసుకుంటే చాలు."

అక్క ముఖం విప్పారింది. "విన్నావా? మీటరుకి కూడా ప్రూఫు ఉందట!" అంది నాతో. ఆ సాయంత్రమంతా ప్రెస్సులో అదే కబురు.

మొదటి పదిహేను రోజులు అక్కే పొద్దున్నే బావ వేలికి సూది పొడిచింది. వేలి కొన మీద కాకుండా పక్కన పొడిస్తే నొప్పి తక్కువని ఎక్కడో చదివి, అలాగే చేసేది. ఆయనేమో వేలు చాచి కళ్లు మూసుకుని, ఆపరేషను బల్ల మీద పడుకున్నట్టు మూలిగేవాడు. నూట అరవై, నూట యాభై, నూట యాభై అయిదు. పొడుగాటి నోటుపుస్తకంలో అక్క తేదీ వేసి రాసేది. నెలాఖరున అందులోంచి స్కూలు కాగితంలోకి ఎక్కించి సంతకం పెట్టేది.

తర్వాత ఒకరోజు బావ, "నువ్వు పక్కన నిలబడితే నాకు వేలు బిగుసుకుపోతోంది. నేనే పొడుచుకుని నీకు చెప్తాలే" అన్నాడు. ఆ వేళకి అక్కకి కూడా ఊపిరాడని పని. కూతురు కాలేజీకి వెళ్లాలి, తను అన్నం డబ్బా కట్టుకుని బస్సు అందుకోవాలి. సరేనంది. ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని చూసుకుని, వంటింట్లోకి మీటరు ఎత్తి చూపించేవాడు. లావుపాటి అంకెలు కదా, అంత దూరానికి బాగానే కనబడేవి.

రెండో నెలలో ఒకరోజు రెండొందల నలభై ఎనిమిది వచ్చింది. అక్క రాసేసింది కూడా. "అయ్యో, తడి చేత్తో పట్టుకున్నానే స్ట్రిప్పు. అది లెక్కలోకి రాదు, ఉండు" అని ఆయన ఇంకోసారి చూసి, నూట పదిహేడు చూపించాడు. అక్క పాతది కొట్టేసి, పైన కొత్తది రాసింది.

ఆ తర్వాత అన్నీ మంచి అంకెలే. నూట పన్నెండు, నూట ఎనిమిది, నూట పద్దెనిమిది. అక్క ఆనందం చూడాలి! "మనిషి మారిపోయారు. కేకు ముక్క ముందు పెట్టినా ముట్టుకోవడం లేదు" అనేది. ప్రెస్సులో ఎవరింట్లో షుగరు అని విన్నా, భోజనాల గదిలో కూర్చోబెట్టి మీటరు పాఠం చెప్పేది. ఆవిడ మాట మీద మా బైండింగు బాబాయి అలాంటిదే కొనుక్కున్నాడు. "డాక్టరు దగ్గరికి వెళ్తున్నారా?" అని అక్క అడిగితే, రెండు ట్రిప్పుల మధ్య వెళ్లొచ్చాననీ అంతా బాగుందన్నాడనీ బావ చెప్పేవాడు. అంకెలు కళ్లెదుట కనబడుతుంటే అక్కకి అనుమానం ఎందుకు వస్తుంది?

ఏడాది దాటి నాలుగు నెలలయింది. బావ ప్యాంట్లు వదులయ్యాయి. నడక వల్లే అన్నాడు. చెంబులకి చెంబులు నీళ్లు తాగేవాడు. ఇంజను పక్కన వేడి అన్నాడు. కళ్లు మసకగా ఉన్నాయంటే అక్క తనే కళ్లజోడు మార్పించింది. ఒక సోమవారం పొద్దున, పిల్లల్ని నింపుకుని స్కూల్లోకి మలుపు తిప్పుతూ, బావ బస్సును గేటు స్తంభానికి కొట్టాడు. పక్కద్దం విరిగిపోయింది. కిటికీ పగిలింది. పిల్లలు గుండెలవిసేలా ఏడ్చారు గానీ ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. అద్దంలో స్తంభం కనబడలేదన్నాడట బావ. స్కూలువాళ్లు అట్నుంచి అటే ఆస్పత్రికి పంపించారు.

షుగరు మూడొందల ఎనభై ఆరు. గత మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా చేశారు. అది ఇంకా ఘోరం. అక్క నోటుపుస్తకం పట్టుకుని వెళ్లింది. డాక్టరు నాలుగు పేజీలు తిప్పి, "ఈ పుస్తకం ఈయనదేనా?" అని అడిగాడు. ఏడాదిగా ఈయన తన దగ్గరికి రానేలేదని కూడా అన్నాడు. అక్కకి తల కొట్టేసినట్టయింది. అయినా ఆవిడ మనసు బావ మీదికి పోలేదు. బద్ధకించి డాక్టరు దగ్గరికి వెళ్లి ఉండరు, అంతేననుకుంది. కోపమంతా మీటరు మీదికి మళ్లింది.

మర్నాడు నన్ను తీసుకుని ఆ షాపుకి వెళ్లింది. తెల్ల మీటరును బల్ల మీద ఠపీమని పెట్టింది.

"మీరు అమ్మిన ఈ డబ్బా మా కొంప ముంచింది. ఏడాదిన్నర నుంచి అబద్ధాలు చెబుతోంది."

షాపతను తొణకలేదు. కొత్త స్ట్రిప్పుల డబ్బా తెరిచాడు. తన వేలు పొడుచుకుని మా మీటరులో చూశాడు, తర్వాత తన మీటరులో చూశాడు. తొంభై నాలుగు, తొంభై ఎనిమిది. నా వేలు కూడా పొడిచాడు. అక్కడా నాలుగైదు అంకెల కన్నా ఎక్కువ తేడా లేదు. "మీటరు బాగానే ఉంది మేడం" అన్నాడు. తర్వాత మామూలుగా అన్నాడు: "అయినా మీరు పరీక్ష చేస్తూనే ఉన్నారుగా. ఆ చిన్న సీసా సారు రెండు నెలలకొకటి తీసుకెళ్తున్నారు. మిగతావాళ్లకి ఒక సీసా గడువు దాటేదాకా కూడా అయిపోదు. మీకే ఇన్నిసార్లు ఎందుకు కావాలా అనుకున్నాను. కానీ మీరు అంత పట్టుదల మనిషి కదా, మీరే పంపిస్తున్నారేమో అనుకున్నా."

నాకు వెంటనే అర్థం కాలేదు. అక్కకి అర్థమైంది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "రక్తం బదులు అది వేస్తే..." అని మాట మధ్యలో ఆపేసింది. షాపతను కూడా అప్పుడే గ్రహించినట్టున్నాడు, తల దించుకుని స్ట్రిప్పుల డబ్బాకి మూత పెట్టడం మొదలుపెట్టాడు.

అక్క దారంతా నాకన్నా నాలుగడుగులు ముందే నడిచింది. ప్రెస్సుకి వచ్చి, బల్ల ముందు కూర్చుని, నోటుపుస్తకం తెరిచి, అలవాటు కొద్దీ స్కేలు పెట్టుకుని అంకెలు చదివింది. నూట ఆరుకి తగ్గింది లేదు, నూట ఇరవై ఒకటి దాటింది లేదు. జ్వరంతో పడుకున్నప్పుడు కూడా నూట పన్నెండే. పెళ్లి విందుకి వెళ్లి అర్ధరాత్రి దాటాక వచ్చిన మర్నాడు కూడా నూట పదహారే. "ఏ మనిషి ఒంట్లోనైనా ఇలా ఉంటుందా? ఇంకెవరైనా ఈ పుస్తకం నాకిచ్చి చూడమంటే మొదటి పేజీలోనే పట్టుకునేదాన్ని" అంది. కొట్టేసిన ఆ రెండొందల నలభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. దాని మీద వేలు పెట్టింది. "జీవితంలో ఒప్పుని కొట్టేసి తప్పు రాసింది ఇక్కడే" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది తర్వాత ఆవిడే నాకు చెప్పింది. బావ మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. ఇన్సులిను మొదలయ్యాక అది రెండో రోజు.

"ఆ సీసాలు ఎక్కడ దాచారు?"

"ఏ సీసాలు?"

"నా దగ్గర కూడా నీళ్లు నమలకండి."

"స్కూటరు డిక్కీలో, గుడ్డ కింద" అన్నాడు. ఏడు ఖాళీ సీసాలు దొరికాయి.

"ఎప్పట్నుంచి?"

"ఆ రెండొందల నలభై ఎనిమిది వచ్చిన రోజు నుంచి. అది తడి స్ట్రిప్పు కాదు, నిజంగానే అంత వచ్చింది. నువ్వు మీటరుని పరీక్షించిన ఆ సీసా అక్కడే అల్మరాలో ఉంది. రక్తం బదులు దాని చుక్క వేసేశాను. ఒక్క రోజుకే అనుకున్నాను. రేపట్నుంచి గట్టిగా తిండి తగ్గించేసుకుందాం, అప్పుడు నిజమే చూపిద్దాం అనుకున్నాను. రేపు రేపంటూ ఇంతదూరం వచ్చింది."

"నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా."

"చెప్తే నువ్వు రాసేస్తావు."

"రాసేదాన్నే."

"అందుకే చెప్పలేదు. ఇన్సులిను పెడితే నన్ను బస్సు దింపేస్తారు. బస్సు లేకపోతే నేనెవర్ని? షెడ్డులో టైర్లకి గాలి కొట్టేవాణ్ని."

ఇక్కడిదాకా అక్క ఓర్చుకుందట. "సరే. మీ అబద్ధం మీరే రాసుకుని, మీరే ఎవరితోనో సంతకం పెట్టించుకోకపోయారా? నా చేత ఎందుకు రాయించారు?" అని అడిగింది.

ఆయన తల తిప్పుకుని, "నీ చేతిరాత చూస్తే ఆఫీసులో ఇంకో మాట అడగరు" అన్నాడు.

ఇరవై రెండేళ్ల కాపురంలో తనని ఎవరూ అంత మాట అనలేదని అక్క నాతో అంది. తిట్టినా అంత బాధ ఉండేది కాదట. తను ఇన్నేళ్లూ కూడబెట్టుకున్న మంచి పేరుని, పక్కింటి గొడుగు అడిగి తెచ్చుకున్నట్టు కాదు, అడక్కుండానే ఆయన వాడేసుకున్నాడు. ఆ సంతకాన్ని నమ్మి రోజూ ముప్పై అయిదు మంది పిల్లల్ని తల్లులు ఆ బస్సు ఎక్కించారు.

అప్పుడే గుమ్మంలోకి మంచినీళ్లతో కూతురు వచ్చింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. "అమ్మా, నాన్నని ఇప్పుడేం అనకు" అంది.

అక్క ఆ పిల్ల ముఖంలోకి చూసింది. "నీకు తెలుసా?"

పిల్ల నీళ్లు అక్కడ పెట్టి వెనక్కి తిరగబోయింది.

"నిన్నే అడుగుతున్నాను. నీకు తెలుసా?"

"ఆర్నెల్ల కిందట ఒకసారి చూశానమ్మా. నాన్న మానేస్తానన్నారు, ఒట్టేశారు. నీకు చెప్తే ఊరుకోవుగా. మళ్లీ ఇల్లంతా గొడవ..."

"ఓహో, ఇద్దరూ కలిసే నా కళ్లకి గంతలు కట్టారన్నమాట" అంది అక్క. అరుస్తుందని తండ్రీకూతుళ్లు ఎదురుచూశారు. అరవలేదు. అది చూసి వాళ్లకి ఇంకా భయం వేసింది.

మర్నాడు బావ బతిమాలాడు. "ఒంట్లో బాగాలేక సెలవు పెట్టానని చెబుదాం. అదుపులోకి వచ్చాక చూద్దాం. పాత కాగితాల సంగతి ఇప్పుడెవరికి కావాలి?" అన్నాడు. అక్క వినిపించుకోలేదు. ప్రెస్సుకి సెలవు పెట్టి స్కూలుకి వెళ్లింది. హెడ్మిస్ట్రెస్ ముందు కూర్చుని, "మీ దగ్గర మా ఆయనవి పదహారు కాగితాలు ఉంటాయి. మొదటిది తప్ప మిగతావన్నీ తప్పులు. సంతకాలు నావి" అంది.

ఆవిడ పెద్దమనిషి. విషయం విని, "మీకు తెలియకుండా జరిగిందేగా, మీరేం చేస్తారు?" అంది.

"నాకు తెలియదు, నిజమే. కానీ మీరు ఆయన్ని చూసి నమ్మలేదు, నా సంతకం చూసి నమ్మారు. అది వెనక్కి తీసుకోడానికి వచ్చాను."

బావని బస్సు దింపేశారు. పద్దెనిమిదేళ్లలో ఆ సోమవారం దాకా ఒక్క గీత కూడా పడనివ్వలేదని పూర్తిగా తీసెయ్యకుండా, షెడ్డులో టైర్లూ డీజిలూ చూసుకునే పని ఇచ్చారు. ఆయన భయపడ్డది అక్షరాలా అదే. రెండు నెలలు అక్కతో మాట్లాడలేదు. "నాది తప్పే. కానీ కట్టుకున్నది వెళ్లి మొగుణ్ని పట్టించడం ఎక్కడైనా ఉందా?" అని తోటి డ్రైవర్ల దగ్గర అన్నాడట. ఆ మాట చేరాల్సిన చోటికి చేరింది. అంటే ఆ ఇంట్లో ఇద్దరూ ఎదుటివాళ్లే తమని మోసం చేశారనుకుంటూ, ఒకే బల్ల దగ్గర భోజనం చేసేవాళ్లు. మధ్యలో ఆ పిల్ల గిన్నెలు ఇటూ అటూ జరుపుతూ ఉండేది.

అక్క మాత్రం మందుల షాపుకి వెళ్లి, అందరి ముందూ అరిచినందుకు, అందరూ ఉన్న వేళ చూసుకుని మరీ క్షమాపణ చెప్పుకుంది. బైండింగు బాబాయి కంగారుగా వచ్చి, "నాది కూడా అదే మీటరమ్మా, మార్చెయ్యనా?" అని అడిగితే, "మీటరు మంచిదే బాబాయ్, దాన్నేం అనకు" అంది.

కానీ పనిలో ఆవిడ చెయ్యి వెనకాడడం మొదలైంది. ఒకసారి చూసిన పేజీని మళ్లీ చూసేది. అదయ్యాక నా వైపు తోసి, "నువ్వు కూడా ఒకసారి చూడవూ?" అనేది. పదకొండేళ్లలో ఆవిడ నోట ఆ మాట నేను వినలేదు. చూస్తే ఒక్క తప్పు కూడా ఉండేది కాదు. ఆ సంగతి చెప్పినా నమ్మినట్టు తలూపేది కాదు.

కొన్నాళ్లకి కూతురు, చేసిన దానికి దిద్దుబాటనుకుందేమో, కొత్తరకం మీటరు ఒకటి వెతికి పట్టుకుంది. అంకె దానంతటదే ఫోనుకి వెళ్లిపోతుంది. ఆ సీసా చుక్క వేస్తే అది రక్తం కాదని తెలుసుకుని, పక్కన గుర్తు పెట్టేస్తుంది. "నీ ఫోనుకి కలుపుతానమ్మా, ఇంక ఎవరూ ఏమీ దాచలేరు" అంది సంబరంగా.

"నాకొద్దు. ఆయన ఫోనుకి కలుపు. డాక్టరుకి వెళ్లేలా పెట్టు."

"నాన్న షుగరు ఎంతుందో నీకు అక్కర్లేదా?"

"అక్కరుంది. కాపలా ఉద్యోగం మాత్రం చెయ్యను. రేపు ఆ మీటరుని కూడా బోల్తా కొట్టించే మార్గం ఇంకోటి ఉంటుంది. ఎన్ని మీటర్లు మారుస్తాం?"

నోటుపుస్తకం కూడా ఆయన మంచం మీద పెట్టేసింది. "వేలు మీది, అంకె మీది, రాత కూడా మీదే. డాక్టరు దగ్గరికి మాత్రం నేనూ వస్తాను" అంది. బావ వంకర టింకర అక్షరాలతో రాసుకోవడం మొదలుపెట్టాడు. ఇన్సులిను తనే వేసుకోవడం నేర్చుకున్నాడు. సగటు నెమ్మదిగా దిగుతోందట. ఒక కంటికి చూపు మునుపటంత రాదని డాక్టరు చెప్పేశాడు.

ఈమధ్య ఒక మధ్యాహ్నం భోజనాల గదిలో మేమిద్దరమే ఉన్నాం. "ఇప్పుడు అంతా సర్దుకున్నట్టేనా అక్కా?" అని అడిగాను.

అన్నం డబ్బా మూత బిగించి చెప్పింది. "మాట్లాడుకుంటున్నాం. ఇంటికి కావలసినవన్నీ మాట్లాడుకుంటున్నాం. పొద్దున్నే గదిలోంచి అంకె చెప్తారు, నేను అడక్కపోయినా. నూట ఇరవై అన్నారనుకో, మంచిదండీ అంటాను. కానీ లోపల ఏదో మూల, ఏమోలే అనిపిస్తుంది. మొన్న రెండొందల పన్నెండు అన్నారు. గొంతు తగ్గించి, నేల చూస్తూ అన్నారు. అది మాత్రం నమ్మాను. చాలా రోజుల తర్వాత ఆయన చెప్పింది నమ్మాను."

చేతులు కడుక్కుని వెళ్లి, తన బల్ల ముందు కూర్చుని, స్కేలు సరిచేసుకుని, నేను కొట్టిన కొత్త పేజీ చదవడం మొదలుపెట్టింది.